తండ్రి కోపిష్టి, కొడుకు దయామయుడా? అపోహలు – వాస్తవాలు

"కన్నకొడుకును సిలువకు అప్పజెప్పిన తండ్రి ప్రేమగలోడు ఎట్లయితడు?" జగిత్యాలలోనో సిరిసిల్లలోనో మొదటిసారి గుడ్ ఫ్రైడే ఆరాధనకు వెళ్లినవారికి కలగదగిన సందేహమే ఇది. ప్రశ్న న్యాయమైనదే. దాని చుట్టూ అల్లుకున్న కథే సరైనది కాదు.

ఆ కథ ప్రకారం తండ్రి మనుషుల మీద మండిపడుతున్నాడు. దయగల కొడుకు అడ్డుపడి దెబ్బలు తాను తిన్నాడు. అప్పుడు గానీ తండ్రి చల్లబడలేదు. కొన్ని ప్రసంగాలూ దీన్నే బలపరుస్తుంటాయి. క్రైస్తవ విశ్వాసం చెప్పేది మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. దేవుడు ప్రేమించాడు కనుకనే కుమారుణ్ణి పంపాడని యోహాను సువార్త మూడో అధ్యాయం చెబుతుంది. పాపం మీద దేవుని ఉగ్రతను బైబిలు దాచిపెట్టదు. అయితే ఉగ్రత తండ్రికీ కరుణ కుమారుడికీ అని వాటాలు వేయదు. దేవాలయంలో కొరడా పట్టింది యేసే. ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన కొడుకుకు పరుగున ఎదురెళ్లింది, ఆయన చెప్పిన కథలోని తండ్రి.

'పంపాడు' అన్నచోట ఈ ప్రాంతంలో మరో అపోహకు తావుంది. ఇక్కడి పల్లెల నుంచి ఎందరో కొడుకులు ఇంటి అప్పు తీర్చడానికి దుబాయ్, మస్కట్ బాట పట్టారు. వాళ్లలో చాలామందికి గత్యంతరం లేదు. యేసు రాకనూ అలాంటి బలవంతపు ప్రయాణంగా ఊహించుకుంటే పొరపాటే. తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోవడం లేదని, ఇష్టపూర్వకంగా తానే ఇస్తున్నానని ఆయన అన్నట్టు యోహాను పదో అధ్యాయంలో ఉంది. తండ్రి తనను ప్రేమిస్తున్నాడన్న మాటా అక్కడే వస్తుంది.

ఇష్టపూర్వకం అంటే బాధ లేదని కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో శిష్యులు నిద్రలో ఉన్నారు. యేసు నేలమీద పడి, వీలైతే ఆ బాధల గిన్నె తన నుంచి తొలగించమని వేడుకున్నాడు. భయాన్ని దాచుకోలేదు, తండ్రీ అని పిలవడం మానలేదు, చివరికి తండ్రి చిత్తమే జరగనిమ్మన్నాడు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉన్నచోటే అలాంటి ప్రార్థన సాధ్యం.

మరి సిలువ మీద తండ్రి చేయి వదిలేశాడా? "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు?" అని యేసు వేసిన కేక 22వ కీర్తన మొదటి వాక్యం. ఆ వేదన నటన కాదు, దాని లోతు గురించి వేదాంతులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. కానీ అదే కీర్తన ముందుకు సాగి, బాధపడేవాడి నుంచి దేవుడు ముఖం తిప్పుకోలేదని చెబుతుంది. లూకా సువార్తలోనైతే యేసు తుదిశ్వాస విడుస్తూ తన ఆత్మను తండ్రి చేతికే అప్పగించాడు.

కోరుట్ల, జగిత్యాల లాంటి పట్టణాల్లో క్రైస్తవులు, ముస్లింలు ఇరుగుపొరుగున బతుకుతారు. "దేవుడికి భార్య లేకుండా కొడుకెక్కడివాడు?" అని పొరుగువారు అడిగితే తగవుకు దిగనక్కర్లేదు. దేవుడికి భార్య లేదన్నదే క్రైస్తవుల మాట కూడా. కుమారత్వం శరీర సంబంధమైనది కాదు, దానికి ఆరంభమూ లేదు. కుమారుడు లేని కాలం ఒకటుండేదని అరియస్ అనే బోధకుడు చెప్పిన మాటను నికేయలో కూడిన సంఘ పెద్దల సభ 325లోనే తోసిపుచ్చింది. 2025తో ఆ సభకు 1,700 ఏళ్లు నిండాయి. 1978లో ఏర్పడిన కరీంనగర్ డయాసిస్ ఏ సంఘానికి చెందిందో, ఆ దక్షిణ ఇండియా సంఘం నికేయ విశ్వాస ప్రమాణాన్ని అంగీకరిస్తుంది. కుమారుడు ఎప్పుడూ ఉన్నాడంటే తండ్రి కూడా ఎప్పుడూ తండ్రే. జగత్తు పుట్టకముందే తండ్రి తనను ప్రేమించాడని యోహాను 17వ అధ్యాయంలో యేసు తన ప్రార్థనలో అంటాడు. ప్రేమించడానికి ఎవరూ లేక దేవుడు మనుషుల్ని చేసుకున్నాడన్న ఊహ ఇక్కడే వీగిపోతుంది.

ఒక్కడే దేవుడు తండ్రిగా ఒకసారి, కుమారుడిగా ఒకసారి కనిపించాడని అనుకునేవారూ ఉన్నారు. అలాగైతే ప్రేమించేదెవరు, ప్రేమ పొందేదెవరు? మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుమారుడు బాప్తిస్మం పొంది యొర్దాను నీళ్లలోంచి బయటికి వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, పైనుంచి తండ్రి స్వరం నీవు నా ప్రియ కుమారుడివన్న భావంతో పలుకుతోంది. మార్కు కథనంలో అప్పటికి యేసు ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు.