కొనబోయే కారుది ఏ ఊరో ముందు అడగాలి

సరిహద్దు పల్లెల్లో చవక బేరాల వెనుక ఉన్న లెక్క

తిరువూరు: సంతలో ఎద్దును కొనేటప్పుడు మన రైతు తొందరపడడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. వీలుంటే కాడి కట్టి మరీ చూస్తాడు. వీటన్నిటికన్నా ముందు "ఎద్దుది ఏ ఊరు?" అని అడుగుతాడు. ఏ నేలలో దున్నింది, ఎవరి చేతి కింద పెరిగింది అన్నది ఊరు పేరు వింటే సగం తెలిసిపోతుంది. అదే రైతు ఆరేడు లక్షలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, లోపలి తెర చూసి, "చివరి మాట ఎంత?" అని అడిగి ఊరుకుంటున్నాడు.

మామిడి కోతలు పూర్తయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో తిరువూరు, విస్సన్నపేట, ఎ.కొండూరు, గంపలగూడెం పల్లెల్లో కారు మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇప్పుడు అందరి చూపూ కాస్త ఎత్తుగా ఉండే చిన్న కార్ల మీదే. కంపెనీలు వీటినే కాంపాక్ట్ ఎస్‌యూవీలు, క్రాసోవర్లు అంటున్నాయి. బ్రెజా, నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, మాగ్నైట్ వంటివి ఈ తరగతిలోవే. కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్న తర్జనభర్జన ప్రతి ఇంటా ఉంది.

మామయ్య బేరం

ఈ విలేకరి మేనమామ 2023లో మామిడి డబ్బు చేతికి రాగానే ఇలాంటి పాత బండి ఒకటి కొన్నాడు. బండి సరిహద్దుకు అవతలిది, టీఎస్ నెంబరుది. ఇక్కడ 7 లక్షలు చెబుతున్న బండి అక్కడ 6 లక్షల 20 వేలకే వచ్చింది. "నెంబరు అవతలిది కదా మామయ్యా, కాగితాల సంగతేమిటి?" అంటే, "నెంబరు ఏదైతే ఏంట్రా, తిరిగే రోడ్డు ఒకటేగా!" అని నవ్వేశాడు.

ఆ నవ్వు నెల రోజులే నిలిచింది. మొదటి యజమాని తీసుకున్న అప్పు ఇంకా తీరలేదు. బండి మీద ఫైనాన్సు పేరు అలాగే ఉంది. మధ్యవర్తి ఏరు దాటాక బోడి మల్లన్న అన్నాడు, ఫోను ఎత్తడం మానేశాడు. మిగిలిన బాకీ 42 వేలు మామయ్యే కట్టాడు. కాగితాల కోసం ఏడు నెలలు తిరిగాడు. ఇక్కడి పన్ను, తిరుగుళ్ల ఖర్చు కలుపుకుంటే మొత్తం లక్షా 30 వేలు దాటింది. కలిసొచ్చింది 80 వేలు, వదిలింది లక్షా 30 వేలు. పక్క ఊళ్లో 7 లక్షలకు దొరికే బండే చవక అయ్యేది.

హద్దు దాటితే పన్ను

విజయవాడ నుంచి మైలవరం, తిరువూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వెళ్లే జాతీయ రహదారి మన ఊరు దాటగానే ఖమ్మం జిల్లాలో అడుగు పెడుతుంది. చుట్టరికాలు, వ్యాపారాలు, ఆసుపత్రులు అన్నీ రెండు వైపులా ఉన్నాయి. మనుషులకు లేని హద్దు బండి పన్నుకు ఉంది. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడిన తరువాత ఒక వైపు కట్టిన జీవితకాల పన్ను రెండో వైపు చెల్లదు.

నెంబరు ప్లేటు చదవడం వస్తే సగం సంగతి తెలుస్తుంది. ఏపీ 16 అంటే పాత కృష్ణా జిల్లా బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39తో మొదలైన వరుస నడుస్తోంది. టీఎస్ 04 అంటే ఖమ్మం. 2024 మార్చి నుంచి తెలంగాణ కొత్త బళ్లకు టీఎస్ బదులు టీజీ వేస్తున్నారు. ఏపీ 20 అన్నది ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం నెంబరు. ఆ బండి కనబడితే పదేళ్లు దాటిందని వేరే చెప్పనక్కరలేదు.

అవతలి బండిని మన పేరు మీదికి తెచ్చుకోవాలంటే ముందు అక్కడి రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. ఇది ఫారం 28. దీనికి దరఖాస్తు చేయవలసింది పాత యజమాని. బండి మీద అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చే పత్రంతో పాటు ఫారం 35 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఇక్కడి నెంబరుకు ఫారం 27 కావాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నెంబరు తీసుకోవలసిందేనని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది.

పన్నును బండి కొత్తగా కొన్ననాటి ధరను బట్టి, వయసును బట్టి లెక్క కడతారు. నాడు పది లక్షలు పలికిన బండికి ఇది లక్షకు అటూ ఇటూ కూడా కావచ్చు. కాబట్టి బేరం ఆడకముందే బండి వివరాలు పట్టుకుని రవాణా కార్యాలయంలో పన్ను ఎంత పడుతుందో అడగాలి. ఆ సొమ్మును అమ్మేవాడు చెప్పిన ధరకు కలిపి అప్పుడు చవకో కాదో చూడాలి.

నీట మునిగిన బండి

ఇవతలి నెంబరు బండి అయితే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. 2024 ఆగస్టు నెలాఖరు, సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. అలా మునిగిన బండిని కడిగి, తుడిచి, సీట్లకు కొత్త గుడ్డ వేస్తే పైకి ఏమీ తెలియదు. ఆరు నెలల తరువాత తీగలు, మీటలు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. అందుకని విజయవాడ బండి కొనేవారు ఆ రోజుల్లో అది ఏ పేటలో ఉందో మొహమాటం లేకుండా అడగాలి.

అడిగి ఊరుకోక చూడాలి కూడా. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనబడవచ్చు. సీటు కింది ఇనుప పట్టాలకు తుప్పు ఉందేమో, స్టెప్నీ చక్రం గుంటలో ఒండ్రు ఉందేమో, దీపాల అద్దం లోపల చెమ్మ ఉందేమో చూడాలి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చుంటే ముక్క వాసన వస్తుందో లేదో తెలుస్తుంది. అత్తరు బుడ్డి గట్టిగా గుప్పుమంటుంటే ఇంకాస్త అనుమానించాలి.

ఇంకా దూరం నుంచి వచ్చే బళ్లు ఉన్నాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బళ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడివి చాలా దక్షిణాదికి తరలాయి. ధర చూస్తే నోరూరుతుంది. కానీ కాగితం తేవాలంటే ఢిల్లీ వెళ్లాలి. ఖమ్మం కాగితానికే ఏడు నెలలు పట్టిన సంగతి పైన చెప్పుకున్నాం.

బండి ఊరుతో పాటు కంపెనీ సంగతీ చూడాలి. 2013లో వచ్చిన ఎకోస్పోర్ట్ ఈ తరగతి కార్లకు దేశంలో గిరాకీ తెచ్చిన వాటిలో ఒకటి. బండి గట్టిదే. అయితే భారత దేశంలో కార్ల తయారీని ఆపుతున్నట్లు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఇలాంటి బండి చవకగా దొరికితే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, చేసే మెకానిక్ ఎవరో తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

కొత్తదైతే...

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు సెస్సుతో కలిపి పెట్రోలుకు 29, డీజిలుకు 31 శాతం ఉండేది. ఈ తగ్గింపు పొందాలంటే బండి పొడవు 4 మీటర్లు మించకూడదు. పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు ఇంజను 1500 సీసీ దాటకూడదు. నెక్సాన్, వెన్యూ, సోనెట్, 3ఎక్స్ఓ ఈ లెక్కలోకి వస్తాయి. బ్రెజా పొడవు సరిపోయినా దాని పెట్రోలు ఇంజను 1462 సీసీ కావడంతో 40 శాతం వర్గంలో పడింది.

పాత బండి కొనేవారికీ ఇది ముఖ్యమే. అమ్మేవాడు "నేను కొన్నప్పుడు ఇంత" అని పాత బిల్లు చూపిస్తాడు. ఆ ధర నేడు లేదు. ఈనాటి కొత్త బండి ధర ఎంతో షోరూములో కనుక్కుని, దానితో పోల్చి బేరం ఆడాలి.

కొత్త బండికి అప్పు సులువుగా దొరుకుతుంది, చిక్కు కూడా అక్కడే ఉంది. 8 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 16,600 కట్టాలి. ఏడాదికి రెండు లక్షలు. ఐదేళ్లకు వడ్డీయే లక్షా 96 వేలు. జీతగాడికి నెల నెలా జీతం వస్తుంది, వాయిదా కడతాడు. మామిడి రైతుకు డబ్బు వచ్చేది ఏడాదికి ఒక్కసారి, అదీ పూత నిలిస్తే. వాయిదా మాత్రం పూత రాలిన ఏడూ వస్తుంది. ఒక పంట పోయినా పన్నెండు వాయిదాలు కట్టగలమనుకున్న వారే కొత్తదానికి దిగాలి. లేనివారు చేతిలో ఉన్న సొమ్ముకు సరిపడే మూడు నాలుగేళ్ల బండి, మన రాష్ట్రం నెంబరుది, ఒకే చేతి మీద నడిచినది చూసుకోవడం మేలు.

జీపు రూపమే, జీపు కాదు

ఈ కార్లు చూడటానికి జీపులా ఉంటాయి. నేలకు దాదాపు 19, 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి గుంటల రోడ్డు మీద, డొంక దారిలో అడుగు తగలకుండా పోతాయి. అంతవరకే. వీటిలో ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. వానలో నానిన నల్లరేగడిలోకి దింపితే ట్రాక్టరు పెట్టి లాగించుకోవలసిందే. తోటకు ఎరువు బస్తాలు, కాయల ట్రేలు మోయడానికీ ఇవి పనికిరావు. సొంత నెంబరు బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ కొర్రీ వేస్తుంది.

డీజిలా, పెట్రోలా అన్నది తిరుగుడును బట్టి తేల్చుకోవాలి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన డీజిలు బళ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ ఇంటి నుంచి తోటకు, తోట నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో జల్లెడ పూడుకుపోతుంది, మరమ్మతుకు వేలు పోతాయి. వారం వారం హైదరాబాదు పోయేవారికి డీజిలు, ఊళ్లో తిరిగేవారికి పెట్రోలు అనుకుంటే తప్పు లేదు.

ప్రాణం సంగతి మరిచిపోరాదు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి, పక్క సీటుకు 2021 ఆఖరుకల్లా తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు తయారైన చౌక రకాల్లో అవి ఉండకపోవచ్చు. ఏ ఏడాది బండి అన్నది ధర కోసమే కాదు, ఇందుకూ చూడాలి.

అమ్మేవారికీ ఒక మాట

సంతకం పెట్టి తాళం చెవి ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. పేరు మారనంతవరకు రికార్డుల్లో ఉన్నవారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక కేసులో తీర్పు ఇచ్చింది. బండి ఎప్పుడో అమ్మేసినా, చేతులు ఎన్ని మారినా సరే, పేరు మారకపోతే భారం తప్పదు.

కొనేవారు బండి నెంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడాలి. పిల్లల చేత చూపించుకున్నా చాలు. అప్పు ఉందా, బీమా ఉందా, రిజిస్ట్రేషను ఏనాటిది అన్నవి కనబడతాయి. కట్టని చలాన్లు ఉన్నాయేమో కూడా విచారించాలి. కిలోమీటర్ల ముల్లును వెనక్కి తిప్పే ఘనులున్నారు కనుక సర్వీసు రికార్డులో రాసిన అంకెతో దాన్ని పోల్చాలి. ఉదయం పూట ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. మనం నమ్మిన మెకానిక్‌ను వెంట తీసుకుపోవాలి. అతనికిచ్చే వెయ్యి రూపాయలు వృథా కాదు. పూర్తి సొమ్ము మాత్రం అభ్యంతరం లేదన్న పత్రం చేతికి వచ్చాకే ఇవ్వాలి.

మామయ్య బండికి ఇప్పుడు మన నెంబరు వచ్చింది. బాగానే నడుస్తోంది. మొన్న పొరుగు రైతు ఒకరు పాత కారు చూడటానికి తోడు రమ్మంటే వెళ్లాడు. అమ్మేవాడు బానెట్టు ఎత్తి ఇంజను చూపించబోయాడు. మామయ్య ఆపి, "అది తరువాత చూద్దాం బాబూ. ముందు ఈ బండిది ఏ ఊరో చెప్పు" అన్నాడు.