కెమెరా కన్నుకు బంగారు కప్ప

సినిమా చూసొచ్చినవారు హీరో, దర్శకుల పేర్లు టక్కున చెబుతారు. ఛాయాగ్రాహకుడెవరంటే తడబడతారు. పోలండ్‌లో ఏటా నవంబరులో జరిగే కామెరిమాజ్ అంతర్జాతీయ చిత్రోత్సవంలో మాత్రం పరిస్థితి తలకిందులు. అక్కడ ప్రధాన పోటీ ఛాయాగ్రహణంలోనే. అత్యున్నత బహుమతి బంగారు కప్ప. మారెక్ జిదోవిచ్ 1993లో తొరూన్ నగరంలో దీన్ని ప్రారంభించారు. తొలి బంగారు కప్ప 'ది పియానో'కు గాను స్టూవర్ట్ డ్రైబర్గ్‌కు దక్కింది.

అయితే ఆ గౌరవంలో మహిళల వాటా ఎంత? 2024లో ఈ ప్రశ్నపై జిదోవిచ్ రాసిన వ్యాసం దుమారం రేపింది. ఆయన క్షమాపణ చెప్పినా దర్శకుడు స్టీవ్ మెక్వీన్ ఉత్సవానికి రాలేదు. 'రస్ట్' తొలి ప్రదర్శన జరిగిందీ ఆ ఉత్సవంలోనే. ఆ చిత్రం సెట్‌లోనే 2021లో తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించారు. ఆమె పేరు లోకానికి తెలిసింది ఆ తర్వాతే.