సొంత బొమ్మకు సొంత తీర్పు

హైదరాబాదు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగిన మన జిల్లా వారిలో చాలామంది చార్మినారు చూసి, లాడ్ బజారులో గాజులు కొని, వీలైతే సాలార్‌జంగ్ మ్యూజియంలోకి ఒకసారి తొంగిచూసి సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు. మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి ఉంటారు. మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం దగ్గర ఆగని వారుండరు. పాశ్చాత్య తైలవర్ణ చిత్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాళ్లు వేగంగా కదులుతాయి. కాని ఊళ్లో గురువంటూ లేకుండా కుంచె పట్టిన యువకుడికైనా, యువతికైనా అసలైన బడి అక్కడే ఉంది.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) కుటుంబం సేకరించిన ఈ వస్తువులను 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడిలో ప్రజలకు చూపించడం మొదలుపెట్టారు. 1968లో మ్యూజియం మూసీ దక్షిణపు ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి మారింది. శుక్రవారం సెలవు.

మెచ్చుకోలుతో పని నడవదు

ఊళ్లలో బొమ్మలు వేసేవారికి కొదవ లేదు. దుకాణాల బోర్డులు రాసేవారున్నారు. బడి గోడల మీద నాయకుల బొమ్మలు వేసేవారున్నారు. డ్రాయింగు పరీక్షలు పాసై ఇంట్లో కూర్చున్నవారున్నారు. అలాంటివారిలో ఒకరు ఆయిల్ రంగుల ట్యూబులు తెప్పించుకుని తమ పాత ఇంటి లోపలి భాగాన్నే కాన్వాసు మీద వేస్తారు. దూలాలు, దీపపు గూడు, గడప, మూలనున్న తిరగలి అన్నీ అందులో ఉంటాయి. చూసినవారు ‘అచ్చం మన ఇల్లే’ అంటారు. నాయనమ్మ కళ్లు చెమర్చుకుంటుంది. ఆ మాటలు మనసుకు తృప్తినిస్తాయి. చేతికి మాత్రం పని నేర్పవు.

చిక్కు తర్వాత వస్తుంది. బొమ్మ పోటీకి వెళ్లినప్పుడో, కళాశాల ప్రవేశానికి చూపించినప్పుడో కొత్తవారు ఒక్క చూపులో ‘నేల వాలిపోయింది, వెలుతురు కుదరలేదు’ అనేస్తారు. ఆ ఒక్క దెబ్బకే కుంచె అటక మీదికి చేరుతుంది. ఆ తప్పు గీసినవారికి అంతకుముందు కనబడకపోవడం తెలివితక్కువతనం కాదు. రోజూ చూసే తప్పుకు కన్ను అలవాటు పడుతుంది. వంకర పోయిన దర్వాజ ఆ ఇంటివారికి వంకరగా కనిపించనట్టే ఇదీను. కనుక సొంత బొమ్మను పరాయివారి బొమ్మలా చూడడం నేర్చుకోవాలి. అందుకు ఉపాయాలున్నాయి.

పాలు పోసే పనిమనిషి గోడ

హాలెండు దేశపు వెర్మీర్ (1632-1675) ఇంటి లోపలి దృశ్యాలు వేయడంలో లోకప్రసిద్ధుడు. ఆయన చిత్రాలు నలభైలోపే మిగిలాయి. వాటిలో ఒకటి, ఒకటిన్నర అడుగుల ఎత్తున్న చిన్న బొమ్మ, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉంది. వంటింట్లో ఒక పనిమనిషి కూజాలోంచి పాలు పోస్తూ ఉంటుంది. పక్కన కిటికీ, వెనుక ఖాళీ తెల్లగోడ, ఆ గోడకు ఒక మేకు. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు.

ఆ ఖాళీ గోడ మొదట ఖాళీగా లేదని 2022లో పరిశోధకులు యంత్రాల సాయంతో కనుగొన్నారు. కూజాలు తగిలించే చెక్క పలకను వెర్మీర్ అక్కడ వేయబోయి, మళ్లీ మూసివేశాడు. కింద కుడి పక్కన పసిబిడ్డల బట్టలు ఆరబెట్టే నిప్పుల బుట్టను కూడా వేసి తీసేశాడు. ఆ వస్తువులు నిజంగా వంటింట్లో ఉండేవే. అయినా చూపును పాలధార దగ్గర నిలవనీయకుండా పక్కకు లాగేవి. అంతటివాడు తన బొమ్మను తానే తప్పుపట్టుకుని, వేసినదాన్ని చెరిపేయడానికి వెనుకాడలేదు. మనవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. ఇంట్లో ఉన్నదంతా బొమ్మలో ఉండనక్కరలేదు.

అద్దం, దారం, పిడికిలి

పూర్తయిన బొమ్మను పది పదిహేను రోజులు గోడవైపు తిప్పి పెట్టండి. ఆయిల్ రంగు ఎలాగూ వెంటనే ఆరదు. పలుచని పొరకే కొన్ని రోజులు పడుతుంది, మందమైన పొరకు నెలలు పడుతుంది. తర్వాత దాన్ని అద్దంలో చూడండి. కుడి ఎడమలు తారుమారై బొమ్మ వేరొకరు వేసినట్టు కనిపిస్తుంది, వాలిన గోడ వెంటనే పట్టుబడుతుంది. ఇటలీ చిత్రకారుడు లియోనార్డో డావిన్సీ ఐదు వందల ఏళ్ల కిందటే తన రాతల్లో ఈ అద్దం ఉపాయం చెప్పాడు. మధ్యమధ్య పని ఆపి దూరంగా వెళ్లి చూడమనీ చెప్పాడు.

రెండవది దారం పరీక్ష. ఎదుటి గోడకు సూటిగా కూర్చుని గీసిన గదిలో, దూరంగా పోయే గీతలన్నీ గీసినవారి కంటి ఎత్తున ఒకే చుక్కలో కలవాలి. అక్కడ గుండుసూది గుచ్చి దారం కట్టి, ఒక్కొక్క గీత మీదికి లాగి చూడండి. కంటికి పైనున్న దూలాల అంచులు దూరం పోయేకొద్దీ దిగాలి, నేల మీది షాబాదు బండల గీతలు ఎక్కాలి. బండలు సమ చదరాలైతే ఐమూలగా దారం పట్టండి. మధ్యలో వచ్చే బండల మూలలన్నీ ఆ దారం మీదనే పడాలి. పడకపోతే ముందువరుస, వెనుకవరుస బండల కొలత తప్పినట్టే. సాలార్‌జంగ్‌లో కానలెట్టో (1697-1768) పేరిట ఉన్న వెనిస్ నగర కూడలి చిత్రం ముందు నిలబడి భవనాల అంచులను కంటితో వెంబడిస్తే ఈ లెక్క చక్కగా బోధపడుతుంది.

మూడవది వెలుతురు. సున్నం వేసిన గోడ తెల్లనిదని మనసుకు తెలుసు కనుక చెయ్యి తెల్లరంగే పూస్తుంది. నిజానికి వాకిట్లో ఎండపడిన ఎర్రమట్టి కంటే ఇంటి లోపలి తెల్లగోడే ముదురుగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే పిడికిలి సందులోంచి ఒక కన్నుతో ముందు మట్టిని, తర్వాత గోడను చూడండి. బొమ్మలో గోడను ఒక మెట్టు ముదురు చేస్తేనే తలుపులోంచి వచ్చే ఎండ నిజంగా మెరుస్తుంది. సెల్‌ఫోనులో బొమ్మను నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూసినా ఈ తేడా తెలిసిపోతుంది. రాత్రి పసుపు బల్బు కింద మాత్రం తీర్పు చెప్పకండి. ఆ వెలుతురులో పసుపు, తెలుపు ఒకటిగా కనిపిస్తాయి, నీలం నల్లబడుతుంది.

ఇంకో జాగ్రత్త. మట్టిరంగులతో వేసిన నీడలు ఆరాక వెలిసినట్టు మసకబారతాయి. నూనె కింది పొరలోకి ఇంకడమే దానికి కారణం. అది చూసి కంగారుపడి నలుపు పూయవద్దు. పై పొర బాగా ఆరాక కొద్దిగా అవిసెనూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచి చూస్తే అసలు రంగు తిరిగి కనిపిస్తుంది. దిద్దేటప్పుడు కింది పొరకంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలి. తిరగబడితే కాలక్రమాన బీటలు వారుతుంది.

బొమ్మకు ఒక్క తప్పు

పరీక్షలన్నీ చేస్తే తప్పులు పది దొరకవచ్చు. పదీ ఒకేసారి దిద్దబోతే బొమ్మా చెడుతుంది, మనసూ విరుగుతుంది. అన్నిటికంటే పెద్దది ఒకటి ఎంచి, కాన్వాసు వెనుక తేదీతో రాసిపెట్టుకోవాలి. తరువాతి బొమ్మలో ఆ ఒక్కటీ రాకుండా చూసుకుంటే చాలు. కుదిరినదాన్ని కూడా రాసుకోవాలి. సొంత తీర్పు అంటే సొంతాన్ని తిట్టుకోవడం కాదు గదా!

ఈసారి పాతబస్తీకి వెళ్లేవారు మ్యూజియంతోపాటు చౌమహల్లా ప్యాలెసుకూ వెళ్లండి. 2005 నుంచి అందులోకి సందర్శకులను అనుమతిస్తున్నారు. ఖిల్వత్ దర్బారు హాలులో 19 బెల్జియం గాజు దీపగుచ్ఛాలు వేలాడుతుంటాయి. వాటి ధగధగ చూసి ఊరుకోకుండా, దగ్గరి స్తంభానికీ దూరపు స్తంభానికీ వెలుగునీడల్లో తేడా ఎంతో గమనించండి. చిన్న పుస్తకంలో పెన్సిలుతో గుర్తు వేసుకోండి.

మన ఉన్నత పాఠశాలల పిల్లలను విహారయాత్రకు హైదరాబాదు తీసుకువెళ్లే ఉపాధ్యాయులు చిత్రాల గదిలో ఒక గంట ఆపి, ‘ఈ బొమ్మలో వెలుతురు ఎటునుంచి వస్తోంది?’ అని అడిగితే ఎంతో మేలు. బొమ్మ వేసే పిల్లలుంటే ఆ ప్రశ్నను ఇంటికి తీసుకువస్తారు. ఊళ్లో గురువు లేని లోటు కొంతైనా తీరుతుంది.