ఎండలోనూ వినపడే రిమోట్ మాట

మే నెల. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన సింగరేణి కార్మికుడు గోదావరిఖని క్వార్టర్‌లో పడుకోబోతూ ఏసీ రిమోట్ నొక్కుతాడు. కిటికీలోంచి ఎండ గదిలో పడుతూనే ఉంటుంది. ఆ ఎండలో పరారుణ కిరణాలూ ఉంటాయి. రిమోట్ పంపేదీ పరారుణమే. మరి ఏసీ ఆ రెంటినీ ఎలా వేరుచేస్తుంది?

కిటుకంతా మిణుకులో ఉంది. రిమోట్ కొసనున్న ఎల్‌ఈడీ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. మన చూపు 700 దాటితే దాదాపు ఆగిపోతుంది కనుక అది మనకు కనపడదు. చాలా రిమోట్లలో ఈ ఎల్‌ఈడీ సెకనుకు 38,000 సార్ల వేగంతో వెలిగి ఆరుతుంది. ఏసీలోని రిసీవర్ ఆ వేగంతో మిణుకుమనే వెలుగునే లెక్కలోకి తీసుకుంటుంది. ఎండ అలా మిణుకుమనదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. ఎండ సూటిగా తన మీదే పడితే మాత్రం రిసీవర్ తడబడుతుంది. అప్పుడు కర్టెన్ వేస్తే సరి.

ఇక ఆజ్ఞ సంగతి. బొగ్గు బాయిలో టబ్బులు లాగే హాలేజీ యంత్రం నడిపే మనిషికి దూరం నుంచి గంట కొట్టి చెబుతారు. ఎన్ని గంటలకు ఏ అర్థమో ముందే ఖరారై ఉంటుంది. రిమోట్‌దీ అలాంటి ఒప్పందమే. టీవీ రిమోట్లలో బాగా వాడే ఎన్‌ఈసీ పద్ధతి చూడండి. మొదట 9 మిల్లీసెకన్లపాటు మిణుకులు, ఆపైన 4.5 మిల్లీసెకన్ల విరామం. ఇది ‘ఇటు విను’ అనే పిలుపు. తర్వాత సున్నాలు, ఒకట్లు కలిపి 32 వరుసగా వస్తాయి. మిణుకుల తర్వాత ఖాళీ పొట్టిగా ఉంటే సున్నా, దానికి మూడింతలుంటే ఒకటి. వాటిలో సగం ఏ పరికరమో, సగం ఏ బటనో చెబుతాయి. బటన్ సంఖ్యను ఒకసారి నేరుగా, మరోసారి సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా మార్చి పంపుతారు. రెండూ పొసగకపోతే టీవీ ఆ ఆజ్ఞను పట్టించుకోదు. ఇదంతా సెకనులో పదో వంతు లోపే ముగుస్తుంది.

పరారుణం రిమోట్‌లో, ఎండలో మాత్రమే కాదు; బొగ్గు కుప్ప లోలోపల వేడెక్కినా వెలువడుతుంది. అయితే అది పది మైక్రాన్ల దరిదాపుల్లోని పొడవాటి తరంగం. థర్మల్ కెమెరాకు అందుతుంది గానీ రిమోట్ రిసీవర్‌కు అందదు.

మీ రిమోట్ మొరాయిస్తే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఎల్‌ఈడీ లేత ఊదాగా మెరుస్తుంది. మెరిస్తే రిసీవర్ మీది బొగ్గు దుమ్ము తుడవండి. మెరవకపోతే రిమోట్‌లోని సెల్లు మార్చండి, స్ప్రింగుల చిలుము గీకండి. ఇవన్నీ చూశాకే కొత్త రిమోట్‌కు డబ్బు పెట్టండి.