విదేశ విద్యార్థికి పని అనుమతి: గడువుల లెక్క

మన ప్రాంతమునుండి పై చదువులకై అమెరికాకు వెళ్లిన పిల్లలు లేని ఊరు నేడు అరుదు. 2023–24 విద్యాసంవత్సరపు లెక్కలలో ఆ దేశమందలి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వీరిలో 97,556 మంది తరగతి గదులలో లేరు. చదువు ముగించి, ఆ చదువునకు సంబంధించిన పనిలో శిక్షణ పొందుచుండిరి. ఈ శిక్షణకు 'ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రెయినింగ్' అని పేరు. విద్యార్థులు దీనిని ఓ.పి.టి. అని మూడక్షరములతో సరిపెట్టుదురు. ఎం.ఎస్. చదువు బిడ్డ గల ఏ ఇంటనైనను ఈ మూడక్షరములు వినబడక మానవు. బ్యాంకు అప్పు తీరుటయో, తాకట్టులోని పొలము విడుటయో వానిమీదనే ఆధారపడి యుండును.

మాట అందరికిని తెలిసినదే కాని, అనుమతికి కాగితములెట్లు పంపవలెనో తెలిసినవారు తక్కువ. పట్టా చేతికి రాగానే అనుమతి తనంత తానే వచ్చునని కొందరును, ఉద్యోగము దొరికిన పిదప యజమానియే తెప్పించునని కొందరును తలంతురు. రెండును పొరపాట్లే. దరఖాస్తు విద్యార్థియే పెట్టుకొనవలెను. అప్పటికి ఉద్యోగము దొరికి యుండనక్కరలేదు. దరఖాస్తు వీగిపోయిన సందర్భములను పరిశీలించినచో, విద్యార్థి అయోగ్యతకంటె తేదీల లెక్క తప్పుటయే తరచుగా మాకు కానవచ్చినది.

ఈ పద్ధతికి నేటి పేరు 1992లో వచ్చినది. ఒక్కొక్క స్థాయి చదువునకు 12 నెలలవరకు అనుమతి లభించును. విజ్ఞానశాస్త్రము, ఇంజనీరింగు, గణితము వంటి శాఖలవారికి 2008లో మరి 17 నెలల పొడిగింపు కల్పించిరి. 2016లో దానిని 24 నెలలు చేసిరి. అయితే, చదువుచుండగనే పాఠ్యక్రమములో భాగముగా పూర్తికాలపు పని 12 నెలలు చేసినవారికి అదే స్థాయిలో ఓ.పి.టి. లభింపదు. ఈ సంగతి చివరి సెమిస్టరులో తెలిసికొని విచారించినవారు కలరు.

ఇక కాగితముల క్రమము. మొదట విద్యార్థి తన విశ్వవిద్యాలయములో విదేశీ విద్యార్థుల వ్యవహారములు చూచు అధికారిని కోరవలెను. ఆ అధికారి 'సెవిస్' అను ప్రభుత్వపు లెక్కలలో సిఫారసు నమోదు చేసి, ఆ సిఫారసుతో కూడిన క్రొత్త ఐ-20 పత్రమిచ్చును. దానిపై విద్యార్థి సంతకము చేసి, ఐ-765 అను ఫారమునకు జతపరచి, అమెరికా ప్రభుత్వపు పౌరసత్వ, వలస సేవల శాఖకు సమర్పింపవలెను. పాస్‌పోర్టు నకలు, దేశప్రవేశమును తెలుపు ఐ-94 నకలు, ముప్పది దినములలోపల తీయించుకొన్న ఛాయాచిత్రము, రుసుము – ఇవి తోడుగా నుండవలెను. 2021 ఏప్రిల్ నుండి ఇదంతయు ఇంటర్నెట్టు ద్వారమున పంపు వీలు కలిగినది. రుసుము మొత్తము మారుచుండును గనుక, పంపు దినమున ఆ శాఖవారి ప్రకటననే చూచుకొనవలెను; సీనియరు చెప్పిన మొత్తమును నమ్మరాదు.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు గడువులలో నున్నది.

గడువులు రెండు. చదువు ముగియు తేదీకి 90 దినములు ముందునుండి, ముగిసిన పిదప 60 దినములవరకు దరఖాస్తు చేయవచ్చును. ఇది పెద్ద గడువు. దీని లోపలనే చిన్న గడువు మరియొకటి కలదు: అధికారి సెవిస్‌లో సిఫారసు నమోదు చేసిన దినమునుండి 30 దినములలోపల దరఖాస్తు ప్రభుత్వ శాఖకు చేరవలెను. తపాలాలో వేసిన తేదీ లెక్కకు రాదు. అచ్చట అందిన తేదీయే లెక్క.

ఒక ఉదాహరణము చూతము. చదువు మే 15న ముగియుననుకొందము. ఫిబ్రవరి 14 మొదలు జూలై 14 వరకు పెద్ద గడువు. విద్యార్థి చురుకైనవాడై మార్చి 1ననే సిఫారసు వ్రాయించుకొనెను. 'జూలై వరకు సమయమున్నది గదా, ఉద్యోగ ప్రయత్నములు ముందు చూతము' అని ఏప్రిల్ 10న దరఖాస్తు పంపెను. వాని చిన్న గడువు మార్చి 31తోనే తీరిపోయినది. ఈ సంగతి వానికి వెంటనే తెలియదు. రుసుము పుచ్చుకొందురు, రసీదును ఇత్తురు. పరిశీలన వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. తిరస్కరించు లేఖ జూలై 14కు ముందు వచ్చినచో క్రొత్త సిఫారసు పొంది మరల పంపుకొనవచ్చును. తరువాత వచ్చినచో ఆ చదువునకు ఓ.పి.టి. లేనట్లే.

ఇది మేము కల్పించిన భయము కాదు. మాకు తెలిసిన ఒక కుటుంబములో సరిగా ఇట్లే జరిగినది. కుఱ్ఱవాడు మంచి మార్కులతో ఎం.ఎస్. ముగించెను. ఉద్యోగము చేతికి రానిదే దరఖాస్తు పెట్టరాదని యెవరో చెప్పగా నమ్మి, ఐ-20ని సొరుగులో దాచెను. లేఖ వచ్చునప్పటికి రెండు గడువులును దాటినవి. వాని తండ్రి మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే: 'మావాడు చేసిన తప్పేమి?' అతని కుమారుడు నలుబది దినములు ఊరకుండుట తప్ప మరేమియు చేయలేదని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

తిరస్కరించుట వేరు, స్వీకరింపకయే త్రిప్పిపంపుట వేరు. పాతబడిన ఫారము పంపినను, సంతకము మరచినను, రుసుము తక్కువైనను కట్టను అట్లే త్రిప్పిపంపుదురు. ఆ కాగితములు పోవుచు వచ్చుచుండగా 30 దినముల గడియారము ఆగదు. కావున, సిఫారసు వ్రాయించుకొనుటకు ముందే తక్కిన కాగితములన్నియు సిద్ధము చేసికొని, అది చేతికందిన వారములోనే పంపుట మేలు.

పేరు సంగతి మన తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. పదవ తరగతి సర్టిఫికెట్టులో అది ఒక్క అక్షరమై పొట్టిగా నిలుచును. పాస్‌పోర్టులో కొందరు ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచి, పేరంతయు ఒకే గడిలో నింపుదురు. అట్టివారి పేరును అమెరికా వీసాలో ఇంటిపేరుగా చేర్చి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని వేయుదురు. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థము. అమ్మానాన్నలు వెదకి పెట్టిన పేరు అట్లు తెలియనిదై పోవును! ఐ-20, వీసా, పని అనుమతి కార్డు – అన్నిటికిని మూలము పాస్‌పోర్టే. విశ్వవిద్యాలయమునకు కాగితములు పంపకమునుపే పాస్‌పోర్టును ఇచ్చటనే సరిదిద్దించుకొనవలెను.

తేదీ వ్రాయుటలోను మెలకువ కావలెను. అమెరికావారు నెలను ముందు, దినమును తరువాత వ్రాయుదురు. మనవాడు 4-7 అని వ్రాసినచో జూలై 4 అని మనము చదువుదుము. వారికది ఏప్రిల్ 7. పుట్టినతేది ఇట్లు తారుమారైన దరఖాస్తు పాస్‌పోర్టుతో సరిపడదు.

ఫారములో చిరునామా గడి చిన్నదే కాని, ఉపేక్షింపరాదు. అనుమతి మంజూరైన పిదప కార్డు తపాలాలో వచ్చును. అప్పటికి విద్యార్థి నలుగురితో కలిసియుండిన గదిని ఖాళీచేసి వేరొక ఊరు చేరియుండును. ఎవరి సంరక్షణలో చేర్చవలెనో వ్రాయుటకు ఫారములో చోటున్నది. కదలక ఒకచోట ఉండు బంధువు పేరునో స్నేహితుని పేరునో, వారి అనుమతితో, అక్కడ వ్రాయుట మంచిది.

పని ఎన్నడు మొదలుపెట్టవలెనో విద్యార్థియే కోరుకొనవలెను. చదువు ముగిసిన మరునాటినుండి 60 దినములలోపల ఏ తేదీనైనను కోరవచ్చును. కార్డు చేతికందక, దానిపై తేదీ రాక ఒక్క గంటయు పని చేయరాదు, జీతము లేకున్నను సరే. ఆ తేదీనుండి నిరుద్యోగ దినముల లెక్క మొదలగును. అన్నియు కలిపి 90 దాటరాదు. వారమునకు 20 గంటలైనను చదువునకు తగిన పని యుండవలెను. యజమాని మారినను, చిరునామా మారినను పది దినములలో తెలియజేయవలెను. ఈ 90 దినములు కరగిపోవుచుండగా, పని లేకయే పని యున్నట్లు కాగితము వ్రాసియిచ్చెదమను సంస్థలు ఎదురగును. వారికి డబ్బిచ్చి పొందిన కాగితము కొన్నాళ్లు కాపాడినట్లే తోచును. తరువాత వీసా అధికారి యెదుట అదియే సాక్ష్యమై నిలుచును.

తల్లిదండ్రులతో ఒక మాట. అక్క పెండ్లికో, తాతగారి సంవత్సరీకమునకో రమ్మని బిడ్డను పిలుచునపుడు దరఖాస్తు ఎచ్చట నున్నదో ముందు అడుగుడు. ఓ.పి.టి.లో నున్నవారు తిరిగి ప్రవేశించుటకు చెల్లుబాటు గల వీసా, ఆరు నెలలలోపల విశ్వవిద్యాలయపు అధికారి ప్రయాణమునకై సంతకము చేసిన ఐ-20, పని అనుమతి కార్డు, ఉద్యోగమును తెలుపు లేఖ దగ్గర నుంచుకొనవలెను. కార్డు తపాలాలో నుండగా బయలుదేరినవాడు విమానాశ్రయములో చూపుటకేమియు లేక చిక్కుపడును. ముహూర్తము నిశ్చయించుటకు మునుపే ఆ కాగితముల తేదీలు తెప్పించుకొని, పంచాంగము ప్రక్కన పెట్టుకొని చూచుడు.