తుఫాను కన్ను

మబ్బుల అందాన్ని గురించి తరగతిలో గంటసేపు ఉపన్యసించగలవాణ్ణి. 2014 అక్టోబరు 12, ఆదివారంనాడు మాత్రం నా నోట మాట రాలేదు.

హుద్‌హుద్ తుఫాను ఆనాడు విశాఖ వద్ద తీరం దాటింది. (హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. అంత ముద్దయిన పిట్ట పేరు ఒమాను దేశంవారు దీనికి పెట్టారు!) గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు. తగరపువలసలో మా పెంకుటింట్లో తెల్లవారుజామునుంచీ తలుపుకు బల్ల అడ్డుపెట్టి కూర్చున్నాం. మధ్యాహ్నం హఠాత్తుగా గాలి ఆగింది. పెరట్లోకి వచ్చి తలెత్తాను.

నెత్తిమీద పాలవెలుగు. చుట్టూ, దూరంగా, కోటగోడలాగా మబ్బు. అడుగున కాటుక నలుపు, పైకి పోనుపోను వెండి. అలాంటి గోడలు పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు లేస్తాయి. నడుమ గాలి కిందికి దిగుతూ వేడెక్కుతుంది. అందుచేత అక్కడి మబ్బు కరిగిపోతుంది. అదే తుఫాను కన్ను.

"గాలోన ఎలిపోనాది మేష్టారూ!" అంటూ పక్కింటి తాత తన ఆవును చూసుకోవడానికి కొబ్బరిచెట్లలోకి నడిచాడు. కన్ను దాటగానే గాలి ఎదురుదిక్కునుంచి విరుచుకుపడుతుందని నాకు తెలుసు. తెలిసీ, ఆ వెండి అంచునే చూస్తూ నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావురా, తాతని పిలువు!" అని అమ్మ కేకవేసింది.

పరుగెత్తి ఆయన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. గడప దాటామో లేదో, నైరృతి మూలనుంచి గాలి లేచింది. వంటయింటి పెంకులు ఎండుటాకుల్లా ఎగిరిపోయాయి. తాత గుప్పిట్లో తెగిన పలుపుతాడు మిగిలింది.

ఆవు మర్నాడు గోస్తనీ గట్టున దొరికింది.