మందు పనిచేసినదని తెలియుట యెట్లు?

జలంత్రకోట మొదలు పలాస వరకు, కొబ్బరి, జీడితోటల నడుమనున్న ఉద్దానపు పల్లెలను 1990 దశకము నుండి మూత్రపిండముల వ్యాధి క్రుంగదీయుచున్నది. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగ తేలలేదు. ఇట్టిచోట “ఫలానా మందు వాడితిని, రక్తములో క్రియాటినిన్ తగ్గినది” అను మాట వినవచ్చుట సహజము. చెప్పువారు అసత్యమాడుట లేదు. కాని ఆ మాటను బట్టియే మందు పనిచేసినదని నిశ్చయింపవచ్చునా?

ఎండలో పనిచేసి, ఒంటిలో నీరు తగ్గిన మనిషికి క్రియాటినిన్ పెరుగవచ్చును. నాలుగు నాళ్లు నీడపట్టున నుండి చాలినంత నీరు త్రాగినచో, ఏ మందును లేకయే అది కొంత దిగవచ్చును. పైగా మందు తిని కోలుకొన్నవాడు నలుగురికి చెప్పును, కోలుకొననివాడు ఊరకుండును, మరణించినవాని సాక్ష్యము మనకు అందదు.

కావున పరిశోధకులు రోగులను రెండు జట్లుగా విభజింతురు. ఒక జట్టుకు క్రొత్త మందును, రెండవదానికి వాడుకలోని చికిత్సను ఇత్తురు. ఎవరు ఏ జట్టో వైద్యుడుగాని, రోగిగాని ఎంచుకొనరాదు. చీట్లు వేసినట్లు నిర్ణయింపవలెను. రోగులు తగినంతమంది యున్నచో వయస్సు, పని, త్రాగునీరు మున్నగు భేదములు ఇరువైపుల ఇంచుమించు సరితూగును. నడుమ మందు మానినవారిని సైతము వారు మొదట చేరిన జట్టులోనే లెక్కింపవలెను.

పిమ్మట సంఖ్యాశాస్త్రము పని. నాణెమును 10 సార్లు ఎగురవేయగా 6 సార్లు బొమ్మ పడిన ఎవరును ఆశ్చర్యపడరు. 1000 సార్లలో 600 సార్లు పడినచో నాణెమునే శంకింతుము. పాలు ఒక్కటే, సంఖ్య వేరు. మందులో ఏ గుణమును లేకున్నను, జట్ల నడుమ అంతటి భేదము యాదృచ్ఛికముగ ఎంత అరుదుగ కలుగునో ఈ శాస్త్రము లెక్కగట్టును.

మద్రాసులో 1956లో ఆరంభమైన క్షయ పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణము. 193 మంది బీదరోగులను ఈ రీతినే విభజించి, కొందరికి ఇంటివద్దను, కొందరికి శానిటోరియములోను ఒకే మందులను ఒక యేడు ఇచ్చిరి. 1959లో ప్రకటింపబడిన ఫలితములు ఇంచుమించు సమానముగ నుండెను. ఇల్లు విడువకయే క్షయ నయము చేసికొనవచ్చునని వైద్యలోకము గ్రహించెను.

మేము మనవి చేయునది ఒక్కటే. చెట్టుమందైనను, సీమమందైనను, దానికై తోట తాకట్టు పెట్టుటకు ముందు అడుగుడు: ఎందరికి ఇచ్చిరి? ఎవరితో పోల్చిరి? నయము కానివారిని లెక్కించిరా?